ఉత్తరాల్లో లేని పేరు

(స్త్రీల చరిత్రపై జరిగిన ఒక రోజు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ జ్ఞాపకాలు, స్త్రీల హక్కులు అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. జ్ఞాపకం అనగానే మనకి గోడ మీద దండ వేసిన ఫోటో గుర్తొస్తుంది. హక్కు అనగానే కోర్టు, అర్జీ, కాగితం గుర్తొస్తాయి. ఈ రెండిటికీ సంబంధం ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. సిద్ధాంతం చెప్పడం కంటే, మా ఇంట్లో దొరికిన ఒక ఉత్తరాల కట్ట గురించి చెబితే ఆ సంబంధం తేలిగ్గా అర్థమవుతుందని అనుకుంటున్నాను.

మా తాతకి ఒక తమ్ముడుండేవాడు. మాకు చిన్నతాత. 1940లో సైన్యంలో చేరాడు. బెంగుళూరులో శిక్షణ ఇచ్చి మద్రాసు శాపర్ల దళంలో వేశారు. అంటే వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, అవసరమైతే వాటినే పేల్చడం. అప్పటికి ఆయన భార్య, మా చిన్నమామ్మ, పదహారేళ్ళ పిల్ల. ఆయన మళ్ళీ ఇల్లు చూడలేదు. చిన్నమామ్మ మాత్రం అదే ఇంట్లో 2001 దాకా బతికింది. ఆమె పోయాక ట్రంకు పెట్టె తీస్తే చీరల అడుగున పాత తువ్వాల్లో చుట్టి 19 ఉత్తరాలు, కొన్ని మనియార్డరు కూపన్లు, ఒక ప్రభుత్వ నోటీసు, పూర్తికాని అర్జీ ఒకటి కనిపించాయి.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది ఉన్నారు. నిర్బంధంగా చేర్చుకోలేదు, అందరూ ఇష్టపడి చేరినవాళ్ళేనని పుస్తకాల్లో రాస్తారు. ఆ ఇష్టం వెనక అప్పులెన్ని, కరువులెన్ని, మడిచెక్క లేని ఇళ్ళెన్ని అన్నది వేరే సంగతి. మన జిల్లాల నుంచి కూడా వేలమంది వెళ్ళారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలిటరీ మాధవరం అన్న పేరు ఊరికే రాలేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను చేతికి చిక్కింది. 40 వేలకు పైగా భారతీయ సైనికులు యుద్ధ ఖైదీలయ్యారు. మా ఇంట్లో ఉన్న ఆఖరి ఉత్తరం 1941 డిసెంబరుది. ఆ తర్వాత నాలుగేళ్ళు ఒక్క ముక్క లేదు. 1946లో వచ్చిన నోటీసు, ఆయన ఖైదీగా ఉండగా 1943లోనే చనిపోయాడని చెప్పింది. అంటే మూడేళ్ళపాటు ఆమె, లేని మనిషి కోసం బొట్టు పెట్టుకుని ఎదురు చూసింది.

ఇప్పుడు ఆ ఉత్తరాల సంగతికి వస్తాను. 19 ఉత్తరాల్లో 18 మా తాత పేరు మీద వచ్చినవే. అన్నగారి పాదాలకు నమస్కారాలు, ఉభయకుశలోపరి, తర్వాత ఎడ్ల సంగతి, వానల సంగతి, బాకీల సంగతి. ఎక్కడున్నాడో రాయకూడదు కాబట్టి ఊరి పేరు ఉండదు. రెండు ఉత్తరాల్లో కొన్ని వాక్యాలు సెన్సారువాళ్ళు సిరాతో కొట్టేశారు. చివర ఒక్క వాక్యం: ఇంట్లో అందరినీ అడిగినట్లు చెప్పవలెను. ఆ ‘అందరి’లోనే చిన్నమామ్మ ఉంది. పెళ్ళాం పేరెత్తి అన్నగారికి రాయడం మర్యాద కాదు. ఆమె పేరు ఆ కట్టలో ఎక్కడా లేదు. ఆమెకే రాసిన ఒక్క ఉత్తరంలో కూడా పేరు లేదు, సంబోధన లేకుండానే మొదలవుతుంది. ఆయన ప్రేమ లేనివాడని నేను అనడం లేదు. ఉత్తరానికి ఒక పక్క సెన్సారు అధికారి, మరో పక్క చదివి వినిపించే అన్నగారు కూర్చుని ఉంటే, మధ్యలో భార్యకి చెప్పుకునే మాటకి చోటెక్కడుంది?

మరి జవాబులేమయ్యాయి? ఇంటి నుంచి వెళ్ళిన ఉత్తరాలు కిట్ బ్యాగులో ఉండి ఉంటాయి. అవి ఏ అడవిలో పోయాయో. ఉన్నా అందులో ఆమె మాట ఎంత ఉండేది? యుద్ధం ముగిసి ఆరేళ్ళయ్యాక, 1951 జనాభా లెక్కల్లో కూడా దేశంలో చదువొచ్చిన ఆడవాళ్ళు నూటికి తొమ్మిది మంది లేరు. తాత చెప్తే స్కూలు మాస్టారు రాసేవాడు. ఆమె చెంబుతో మజ్జిగ తెచ్చి అక్కడ పెట్టి, గుమ్మం అవతల నిలబడి వినేది. పొలంలో ఊడ్పులు చేసింది ఆమె, ఎడ్లకి కుడితి పెట్టింది ఆమె. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయని తెలిసి పట్నాల్లో ఉన్న బంధువులంతా పల్లెకి వచ్చి పడితే వాళ్ళందరికీ వండి పెట్టింది ఆమె. బర్మా బియ్యం ఆగిపోయి ధరలు మండిపోయినప్పుడు గంజి తాగి పడుకున్నది కూడా ఆమే. ఇదంతా యుద్ధం కాదా? కానీ ఉత్తరాల్లో ఇల్లు క్షేమమే. ఇల్లు ఎప్పుడూ క్షేమమే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో ఉన్న మన సైనికుల ఉత్తరాలు చదవడానికి బ్రిటిషువాళ్ళు ప్రత్యేకంగా సెన్సారు కార్యాలయం పెట్టారు. పంజాబీ, ఉర్దూ, హిందీ ఉత్తరాల్లోంచి భాగాలు ఇంగ్లీషులోకి అనువదించి నివేదికలు తయారుచేశారు. అవి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. డేవిడ్ ఒమిస్సీ అనే చరిత్రకారుడు వాటిలో కొన్నింటిని 1999లో పుస్తకంగా తెచ్చాడు. ఆ సైనికులు ఇంటి గురించి, పొలం గురించి, భార్య ప్రవర్తన గురించి ఎంత బెంగపడ్డారో వాటిలో తెలుస్తుంది. రాజ్యం నిఘా కోసం దాచింది కాబట్టి అవి మిగిలాయి. ప్రేమతో దాచవలసిన ఇళ్ళల్లో మాత్రం చెదలు తిన్నాయి. దాచినవాటిలోనూ సైనికుడి మాటే ఎక్కువ, ఇంట్లో ఉన్న ఆడమనిషి మాట బహు తక్కువ.

మా ఇంటి ఉత్తరాలు ఎలా మిగిలాయో మా మేనత్త చెప్పింది. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి. ఒక సంక్రాంతికి ఇంటికి వెల్ల వేయిస్తూ అటక మీది పాత కాగితాలన్నీ భోగిమంటకి పోగేశారట. ఆ పోగులోంచి ఈ కట్టని చిన్నమామ్మ తీసి కొంగులో పెట్టుకుంది. అత్త అప్పుడు బడికి వెళ్ళే పిల్ల. మధ్యాహ్నాలు అందరూ నడుం వాల్చాక ‘అమ్మడూ, ఒకటి చదవవే’ అని పిలిచేదట. రెండేళ్ళు తిరిగేసరికి అన్నీ నోటికి వచ్చేశాయి. ఆ అక్షరాల మీద వేలు పెట్టి దిద్ది, ఒక ఉత్తరంలోంచి ఒక అక్షరం, ఇంకో ఉత్తరంలోంచి ఇంకో అక్షరం ఏరుకుని తన పేరు రాయడం నేర్చుకుంది. తన పేరు లేని ఉత్తరాల్లోంచే తన పేరు రాబట్టుకుంది. తర్వాత పెన్షను కాగితాల మీద వేలిముద్ర పోయి సంతకం వచ్చింది.

పెన్షను అన్నాను కాబట్టి డబ్బు విషయం కూడా చెప్పాలి. మనియార్డరు కూపన్లన్నీ తాత పేరు మీదే ఉన్నాయి. ఒక ఉత్తరంలో చిన్నతాత, నెలనెలా పంపేదాంట్లో కొంత ఇంట్లోదాని చేతికి ఇవ్వమని అన్నగారిని అడిగాడు. ఇచ్చారా అని అత్తని అడిగాను. ‘ఆడదాని చేతిలో డబ్బేమిటి, కావలసినవి మేం కొనిపెట్టడం లేదా అనేవాళ్ళు’ అంది. భర్త పోయాక పెన్షను ఆమె పేర వచ్చింది. ముద్ర ఆమెది, డబ్బు ఇంటిది. సంతకం నేర్చిన తర్వాతే మొదటిసారి ఆ డబ్బు ఆమె తన చేత్తో లెక్కపెట్టుకుందట.

ఇక భూమి. హిందూ వితంతువుకి ఉమ్మడి ఆస్తిలో భర్త వాటా మీద జీవితకాలపు హక్కు 1937 చట్టం ఇచ్చింది. అది వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. మద్రాసు రాష్ట్రంలో దాన్ని వ్యవసాయ భూమికి పొడిగిస్తూ చట్టం వచ్చింది 1947లో. ఆ మధ్యలోనే మన పల్లెల వాళ్ళు సింగపూరులోనూ, బర్మాలోనూ, ఆఫ్రికాలోనూ చనిపోయారు. పల్లెటూళ్ళో ఆస్తి అంటే భూమి తప్ప ఇంకేముంది? కట్టలో ఉన్న అర్జీ ఆ తర్వాతి కాలానిది. మనోవర్తి కింద తనకి ఒక ఎకరం విడిగా ఇప్పించమని మాస్టారి చేత రాయించింది. తన భర్తే ఈ ఇంటి అప్పు తీర్చాడనడానికి ఉత్తరాల తేదీలు కూడా అందులో వేయించింది. చూడండి, చదువురాని ఆమె ఆ ఉత్తరాలని జ్ఞాపకంగానే కాదు, సాక్ష్యంగా కూడా దాచుకుంది. కానీ అర్జీ కింద వేలిముద్ర లేదు. ఇంటి పరువు వీధిన పెడతావా అని పెద్దలు అడ్డుపడ్డారని అత్త చెప్పింది. అర్జీని చించెయ్యకుండా మడిచి ఉత్తరాల మధ్య పెట్టేసింది.

1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి మీద ఆమెకి పూర్తి హక్కు ఇచ్చింది. వడ్డెబోయిన తులశమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు, మనోవర్తి కింద వచ్చిన ఆస్తి మీద కూడా ఆ హక్కు సంపూర్ణమేనని చెప్పింది. ఆ అర్జీ మీద ముద్ర పడి, ఆ ఎకరం ఆమె చేతికి వచ్చి ఉంటే ఆమె జీవితం వేరుగా ఉండేదేమో. ఒక వేలిముద్ర పడనివ్వకపోవడానికి ఎంత ఖరీదు ఉంటుందో కార్యకర్తలకి నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన విషయం. ఆమెకే రాసిన ఉత్తరం అన్నాను కదా. అది మంచి ఉత్తరం కాదు. ఆమె గురించి ఊళ్ళో ఎవరో ఏదో అన్న మాట సముద్రం దాటి ఆయన చెవిన పడింది. దాని మీద ఆయన రాసిన ఉత్తరం అది. ఎవరి పేరు లేకపోయినా అనుమానం ఉంది, బెదిరింపు ఉంది. తర్వాతి ఉత్తరంలో అన్నగారికి రాస్తూ ఆ సంగతి విడిచిపెట్టమని మాత్రం అన్నాడు. క్షమాపణ లేదు. ఇంకో ఉత్తరం రాసే వ్యవధి కూడా లేకపోయింది.

ఊళ్ళో యుద్ధానికి వెళ్ళినవాళ్ళ పేర్లతో స్మారక శిల వేస్తున్నారు. మా అన్నదమ్ములు ఒక మంచి ఉత్తరాన్ని పటం కట్టించి అక్కడ పెడదామన్నారు. ఈ ఉత్తరాన్ని మాత్రం చించేద్దామన్నారు. ఆయన పరువు, ఆమె పరువు రెండూ పోతాయని వాళ్ళ వాదన. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఆమె మీద గౌరవంతోనే అన్నారు. నేను అత్తని అడిగాను. ‘చదివేటప్పుడు ఆ ఉత్తరం వస్తే, అది వద్దు, అక్కడ పెట్టు అనేది పిన్ని. కానీ ఎన్నిసార్లు కట్ట విప్పినా దాన్ని తీసెయ్యలేదు. ఇది కూడా ఉండాలే అమ్మడూ అనేది’ అని అత్త చెప్పింది.

నాకు అందులోనే జవాబు కనిపించింది. చింపే హక్కు ఎవరికైనా ఉంటే అది ఆమెది. ఆమె అరవై ఏళ్ళు ఆ హక్కు వాడుకోలేదు. ఆమె దాచినదాన్ని చించడానికి మనమెవరం? అలాగే, ఆమె చదవనివ్వనిదాన్ని సభలో చదవడానికి కూడా మనమెవరం? అందుకే ఆ ఉత్తరంలోని ఒక్క మాట కూడా ఇక్కడ చెప్పలేదు. దాచడం వేరు, ప్రకటించడం వేరు. ఆమె పేరు సభలో చెప్పాను గానీ, ఈ సంగతి కూడా వస్తోంది కాబట్టి అచ్చులో పేరు వద్దని అత్త అంది. ఆ మాట ప్రకారం తీసేశాను. మా అన్నదమ్ములతో ఈ గొడవ ఇంకా తీరలేదు. ప్రస్తుతానికి కట్ట అత్త దగ్గర ఉంది. నకళ్ళు ముగ్గురు ఆడపిల్లల దగ్గర ఉన్నాయి.

సింగపూరులో క్రాంజి అనే చోట, సమాధి కూడా దొరకని సైనికులకి ఒక స్మారకం ఉంది. దాని గోడల మీద 24 వేలకు పైగా పేర్లు చెక్కారు. ఆ కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలు ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. చాలా పేర్ల పక్కన ఫలానావారి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు అని రాసి ఉంటుంది. చిన్నతాత పేరు వెతికించాం. పక్కన చిన్నమామ్మ పేరు ఉంది. స్పెల్లింగు తప్పే, కానీ పేరు ఆమెదే. సొంత ఇంటి ఉత్తరాల్లో చోటు దొరకని పేరుకి, పరాయి పాలకుల చనిపోయినవాళ్ళ లెక్కలో చోటు దొరికింది. మీ ఊళ్ళో అలాంటి కుటుంబాలుంటే వాళ్ళకి ఈ సంగతి చెప్పండి. ముసలివాళ్ళు ఇంకా మిగిలి ఉండగానే వెతికించండి.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో తెచ్చినప్పుడు, ప్రశ్న మార్చి అడిగితే చరిత్రే మారుతుందని మనకి తెలిసింది. ఇంటి కాగితాల విషయంలోనూ అంతే. ‘మీ ఆయన ఎక్కడ యుద్ధం చేశాడు’ అని అడిగితే ఆమె ‘నాకేం తెలుసమ్మా’ అంటుంది. ఉత్తరం ఎవరు చదివేవాళ్ళు? జవాబు ఎవరు రాసేవాళ్ళు? మీరు చెప్పమన్నది రాసేవాళ్ళా? మనియార్డరు ఎవరి చేతికి వచ్చేది? ఆ ఏడు ఊడ్పులు ఎవరు చేశారు? ఇలా అడిగి చూడండి. ఉత్తరంలో లేని సగం బయటికి వస్తుంది. ఆ సగం రాసి ఉత్తరం పక్కన పెట్టకపోతే మనం దాచింది సగం చరిత్రే.

దాచే పద్ధతి గురించి కొందరు అడిగారు. పెద్ద ఖర్చేమీ లేదు. ఉత్తరాలకి లామినేషన్ చేయించకండి, సెల్లో టేపు అంటించకండి. కొంతకాలానికి అవే కాగితాన్ని తినేస్తాయి. గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు తీసెయ్యండి. ఉతికి ఆరబెట్టిన తెల్ల నూలు గుడ్డలో మడతలు విప్పి పెట్టండి. ఎండ, తేమ తగలని చోట ఉంచి ఏడాదికోసారి తీసి చూడండి. ఏమైనా రాయాల్సి వస్తే వెనకవైపు పెన్సిల్‌తోనే రాయండి. ఫోనుతో రెండు వైపులా ఫోటో తీయండి. కవరు, పోస్టు ముద్ర, సెన్సారు ముద్ర కూడా వదలకండి. ఎక్కడిది, ఎప్పటిది అన్నది చాలాసార్లు వాటివల్లే తెలుస్తుంది. చదివి వినిపిస్తూ, మధ్యలో పెద్దవాళ్ళు చెప్పే మాటలు రికార్డు చేయండి. నకళ్ళు ఒక్క చోటే ఉంచకండి, ముఖ్యంగా ఆడపిల్లలకి ఇవ్వండి. పటాలు కొడుకులకీ, చాకిరీ కోడళ్ళకీ అన్న పంపకం ఇక చాలు.

చివరిగా ఒక మాట. ఇదంతా పాత కథ అనుకోకండి. ఇవాళ గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేస్తున్నది ఆడవాళ్ళే. వాళ్ళు ఉత్తరాలు రాయరు, ఫోనులో మాట పంపుతారు. ఫోను పాడైతే ఆ మాట పోతుంది. జీతం ఎగ్గొట్టారన్నా, కొట్టారన్నా, పాస్‌పోర్టు లాక్కున్నారన్నా ఆ మాటే సాక్ష్యం. ఆ మాటల్ని, వీసా నకలుని, డబ్బు పంపిన రసీదుల్ని తేదీలతో సహా ఇంకోచోట భద్రం చేసి పెట్టడం మన సంఘాలు చేయగలిగిన పని. చిన్నమామ్మ ట్రంకు పెట్టెలో చేసిన పనే అది.

వచ్చే సమావేశానికి మీలో ప్రతి ఒక్కరూ మీ ఇంటినుంచో, మీ ఊరినుంచో ఒక పాత కాగితం నకలు తీసుకురండి. ఆ కాగితంలో పేరు లేని ఆడమనిషి ఎవరో కనుక్కుని, ఆమె ఒప్పుకుంటే ఆమె పేరు, ఆమె మాట కూడా రాసుకుని తీసుకురండి. అక్కడినుంచి పని మొదలుపెడదాం.